గీతలు పడ్డ మెటల్ బాడీ: ఎమిరీ పేపర్ పట్టుకునే ముందు ఒక్క నిమిషం

ఈ రోజు టాపిక్ కొంచెం వెరైటీగా ఉంటుంది. మా పిన్ని కొడుకు ఇంగ్లండ్‌లో మాస్టర్స్ చేస్తున్నాడు. పోయిన నెల ఒక రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో ఫోటో పంపాడు. గుప్పిట్లో పట్టేంత నల్లటి మెటల్ డబ్బా, దాని మీద గజిబిజిగా గీతలు. కింద ఒకే ఒక్క లైను: "అన్నా, దీన్ని కొత్తదానిలా చేయాలి. ఎన్నో నంబర్ ఎమిరీ పేపర్ వాడాలి?"

జూమ్ చేసి చూస్తే అది వేప్. ఎలక్ట్రానిక్ సిగరెట్.

ఇక్కడ ముందే ఒక మాట చెప్పేస్తా, తర్వాత గొడవ లేకుండా. మన దేశంలో 2019 నుంచి ఈ-సిగరెట్ల మీద నిషేధం ఉంది. తయారు చేయడం, దిగుమతి, అమ్మకం, నిల్వ పెట్టడం, ఆఖరికి ప్రకటన ఇవ్వడం కూడా నేరమే. అందుకే ఈ ఎపిసోడ్‌లో బ్రాండ్ పేరు వినపడదు, ఎక్కడ కొనాలో ఉండదు. వాడున్న చోట పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళకి అమ్మొచ్చు. నేను వాడను, మిమ్మల్ని వాడమనను. నికోటిన్ అలవాటు గురించి వాడికి చెప్పాల్సింది ఫోన్‌లో గట్టిగానే చెప్పా. వాడు "సరే అన్నా" అన్నాడు. ఆ "సరే అన్నా" ఎలాంటిదో అన్నలందరికీ తెలుసు.

కానీ వాడడిగిన ప్రశ్న మాత్రం మంచి ప్రశ్న. మీ దగ్గర మెటల్ టార్చ్ ఉంటుంది, మెటల్ పవర్ బ్యాంక్ ఉంటుంది, ఇంట్లో పాత వాచ్ ఉంటుంది. జేబులో పెట్టుకు తిరిగే ప్రతి మెటల్ వస్తువు మీదా గీతలు పడతాయి. అక్కడైతే ఇంకో కారణం కూడా ఉంది. 2025 జూన్ 1 నుంచి బ్రిటన్‌లో వాడి పారేసే వేప్‌లు అమ్మకూడదు. ఛార్జింగ్ పెట్టుకుని వాడేవే మిగిలాయి. ఏళ్ళ తరబడి ఒకటే వస్తువు వాడితే గీతలు పడకుండా ఎలా ఉంటాయి?

సరే, వాడికి నేను నంబర్ చెప్పలేదు. "ఎమిరీ పేపర్ పక్కన పెట్టు. ముందు పెన్సిల్ రాతలు చెరిపే రబ్బరు ఉందా నీ దగ్గర?" అన్నా. వాడు ఎమోజీ పెట్టాడు. నేను సీరియస్‌గానే అడిగా. ఉందన్నాడు. "బాడీ తుడిచి, పొడిగా ఉన్నప్పుడు గీతల మీద గట్టిగా రుద్ది మళ్ళీ ఫోటో పెట్టు" అన్నా.

పది నిమిషాల్లో ఫోటో వచ్చింది. దాదాపు సగం గీతలు మాయం.

మ్యాజిక్ ఏమీ కాదు. ఆ బాడీ అల్యూమినియం. అల్యూమినియానికి రంగు వేసే పద్ధతిని ఆనోడైజింగ్ అంటారు. ఇది పెయింట్ కాదు. ఆ ముక్కని సల్ఫ్యూరిక్ యాసిడ్ నీళ్ళలో ముంచి కరెంట్ పంపిస్తే, దాని పైభాగమే అల్యూమినియం ఆక్సైడ్‌గా మారిపోతుంది. ఆ పొర నిండా కంటికి కనపడనంత సన్నని రంధ్రాలు ఉంటాయి. వాటిల్లోకి రంగు ఎక్కించి, వేడి నీళ్ళలో పెట్టి మూతులు మూసేస్తారు. అంటే రంగు మెటల్ మీద కూర్చోలేదు, ఆ పొర లోపల ఉంది. ఆ ఆక్సైడ్ ఏమిటో తెలుసా? కెంపు, నీలం రాళ్ళు తయారయ్యేది కూడా అల్యూమినియం ఆక్సైడ్‌తోనే. మీరు హార్డ్‌వేర్ షాపులో కొనే చాలా రకాల ఎమిరీ పేపర్ల మీద గరుకుగా ఉండే పొడి కూడా అదే.

కాబట్టి ఆ పొర చాలా గట్టిది. మన తాళంచెవులు ఎక్కువగా ఇత్తడివి, అవి మెత్తన. మెత్తటి ఇత్తడి వచ్చి గట్టి పొర మీద గీసుకుంటే ఎవరు అరుగుతారు? ఇత్తడే అరుగుతుంది. పలక మీద బలపం రాసినట్టు, నల్లటి పొర మీద తాళంచెవి గీత రాసిపోతుంది. మనం దాన్ని చూసి బాడీ గీరుకుపోయిందని ఏడుస్తాం. అది గీత కాదు, రాత. రబ్బరుతో పోతుంది. నల్ల మెటల్ ఫోన్ వాడినవాళ్ళు ఒకసారి ట్రై చేయండి, నమ్మకం కుదురుతుంది.

మరి మిగిలిన సగం? అవి నిజం గీతలు. వాటి లోపల వెండి రంగు మెరుస్తోంది, అంటే పొర పోయి అడుగున అల్యూమినియం కనపడుతోంది. పొర గట్టిదే కానీ చాలా పల్చన. మామూలుగా 5 నుంచి 25 మైక్రాన్లు. మన తల వెంట్రుక సుమారు 70 మైక్రాన్లు, అందులో సగం కూడా లేదు. కింద పడ్డా, జేబులో ఇసుక రేణువు ఉన్నా, ఆ పొర తెగుతుంది. తెగిన చోట పాలిష్ చేసి మళ్ళీ నలుపు తేలేం. రంగు ఉండేదే ఆ పొరలో కదా!

ఇదంతా నాకు ఎలా తెలుసంటారా? నాన్న వాచ్ పాడు చేసి నేర్చుకున్నా.

నాన్న ఆర్టీసీలో కండక్టర్‌గా చేశారు. ఆయన చేతికి హెచ్‌ఎంటీ వాచ్ ఉండేది, ఇప్పటికీ ఉంది. మీలో చాలామందికి హెచ్‌ఎంటీ అంటే తాతల కాలం పేరు. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో బెంగుళూరులో మొదలైన ప్రభుత్వ ఫ్యాక్టరీ. ఒక తరం మొత్తానికి ఉద్యోగం వస్తే హెచ్‌ఎంటీ, పెళ్ళికి హెచ్‌ఎంటీ. 2016లో ఆ వాచ్ కంపెనీని మూసేయాలని కేంద్రం నిర్ణయించింది. నాన్నది ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్నది. టికెట్ల బ్యాగు బకిల్‌కీ, బస్సు రాడ్‌కీ తగిలి తగిలి కేసు నిండా గీతలు.

నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. ఆయన రిటైర్మెంట్ ఫంక్షన్‌కి సర్‌ప్రైజ్ ఇద్దామనుకున్నా. వాచ్ వెనక్కి తిప్పి చూస్తే ఇంగ్లీషులో "స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్" అని ఉంది. నా కళ్ళకి స్టెయిన్‌లెస్ స్టీల్ ఒక్కటే కనపడింది. ఆ మూడో మాట చదవలేదు ఫ్రెండ్స్. బ్యాక్. అంటే వెనక మూత మాత్రమే స్టీలు. ముందు కేసు ఇత్తడి, దాని మీద నికెల్, ఆ పైన క్రోమ్ పూత.

ఎమిరీ పేపర్ తెచ్చి రుద్దా. మొదట్లో భలే నున్నగా వచ్చింది. పదిహేను నిమిషాలకి బెల్టు తగిలించే కొమ్ముల దగ్గర పసుపు రంగు తేలింది. మురికేమో అనుకుని ఇంకా గట్టిగా రుద్దా! ఇంకా పసుపు వచ్చింది. అప్పుడు అర్థమైంది, ఇత్తడి బయటపడింది. ఇలాంటి వాటి మీద క్రోమ్ పొర మైక్రాన్‌లో సగం కూడా ఉండదు. దాని కింద నికెల్ ఇంకొంచెం మందంగా ఉంటుంది. నేను రెండూ దాటేసి అడుక్కి వెళ్ళిపోయా.

మా నానమ్మది మచిలీపట్నం దగ్గర. చిలకలపూడి గిల్టు నగల ఊరు ఆ పక్కనే. ఆవిడ వాచ్ చూసి ఒకటే అంది: "గిల్టు గాజుని చింతపండు పెట్టి తోముతార్రా ఎవరైనా?" అంతే. బంగారు పూత నగని మెత్తటి గుడ్డతో తుడుస్తారు తప్ప ఎవరూ తోమరు, లోపల రాగో ఇత్తడో ఉందని తెలుసు కాబట్టి. ఆవిడకి తెలిసింది ఇంజినీరింగ్ చదువుతున్న నాకు తెలియలేదు.

నాన్న ఏమీ అనలేదు. ఫంక్షన్‌కి అదే పెట్టుకుని వెళ్ళారు. కానీ రెండు వారాలకి మణికట్టు మీద పచ్చటి మరక మొదలైంది. ఎండాకాలం చెమటకి ఇత్తడిలోని రాగి చేసే పని అది. తర్వాత దురద. నికెల్ పడని వాళ్ళకి నికెల్ బయటపడ్డా దురద వస్తుంది, ఆయనకి రెండిట్లో ఏదో నేను చెప్పలేను. అప్పటిదాకా ఆ పూత మెరుపు కోసమే అనుకున్నా. అది ఆయన చర్మానికీ ఇత్తడికీ మధ్య గోడ అని నాకు తట్టలేదు.

బాలానగర్ వైపు ఒక ప్లేటింగ్ వర్క్‌షాప్‌కి తీసుకెళ్ళా, మళ్ళీ క్రోమ్ వేయించడానికి. అక్కడి పెద్దాయన వాచ్ తిప్పి తిప్పి చూసి, "వేయొచ్చు బాబూ. కానీ ఉన్న పూత మొత్తం తీయాలి, బఫింగ్ పట్టాలి. ఈ అంచులన్నీ గుండ్రంగా అయిపోతాయి. వాచ్ మెరుస్తుంది, మీ నాన్న వాచ్‌లా ఉండదు" అన్నాడు. డబ్బులొచ్చే పని వద్దని చెప్పే మనిషి అరుదు. ఆయన చేతుల మీద చిన్న చిన్న పుండ్ల మచ్చలు ఉన్నాయి. క్రోమ్ ప్లేటింగ్ తొట్టిలో వాడే క్రోమిక్ యాసిడ్ చర్మాన్ని అలా తింటుంది, దాని ఆవిరి పీల్చితే ఊపిరితిత్తుల క్యాన్సర్ ప్రమాదం కూడా ఉంది. యూట్యూబ్‌లో ఇంట్లోనే క్రోమ్ ప్లేటింగ్ వీడియోలు కనపడితే దయచేసి ముట్టుకోకండి.

వాచ్ అలాగే తెచ్చేశా. కొమ్ముల లోపలి వైపు పల్చగా క్లియర్ లక్కర్ వేశా, కొన్ని నెలలకోసారి మళ్ళీ వేస్తా. దురద తగ్గింది.

సరే, తమ్ముడి డబ్బా దగ్గరికి వద్దాం. ఆ వాచ్ తర్వాత నేను ఏ మెటల్ వస్తువు పట్టుకున్నా ముందు అడిగేది, ఈ పూత ఇక్కడ ఏం పని చేస్తోంది అని. అందుకే వాడిని వీడియో కాల్‌లోకి రమ్మన్నా.

మొదట, నిజంగా అల్యూమినియమేనా? అయస్కాంతం అంటుకోలేదు. అంటుకోకపోతే అల్యూమినియం అని కాదు, ఇత్తడికీ జింకుకీ చాలా రకాల స్టెయిన్‌లెస్ స్టీలుకీ కూడా అంటుకోదు. బరువు చూడాలి. చవక వస్తువుల్లో జింక్ మిశ్రమం పోతపోసి పైన పెయింటో క్రోమో వేస్తారు. అది అల్యూమినియం కన్నా రెండు రెట్లకి పైగా బరువు. దాన్ని గీకితే లోపల మసక బూడిద రంగు వస్తుంది, ఎంత పాలిష్ పట్టినా కొన్నాళ్ళకి మళ్ళీ మసకబారుతుంది. అలాంటిదైతే రుద్దొద్దు, గీతలతోనే ఉండనివ్వండి. వాడిది తేలిగ్గానే ఉంది. బ్యాటరీలు తీసేసి మల్టీమీటర్ బీప్ మోడ్‌లో పెట్టించా. నల్లటి చోట రెండు పిన్నులూ పెడితే బీప్ లేదు. గీత లోపల మెరిసే చోట పెడితే బీప్. ఆనోడైజింగ్ పొర కరెంట్‌ని పోనివ్వదు, అల్యూమినియం పోనిస్తుంది. క్రోమ్ పూత అయితే పై నుంచే బీప్ వచ్చేది. వాచ్ రోజుల్లో ఈ మల్టీమీటర్ ఉపాయం తెలిసినా నాకు ఉపయోగపడేది కాదు, క్రోమ్ కూడా లోహమే కదా.

బ్యాటరీలు తీయమన్నప్పుడే అసలు సంగతి బయటపడింది.

బ్యాటరీ మూత మీద ఒక మూల సొట్ట ఉంది. ఫోటోలో గీతల మధ్య నేను గమనించలేదు. "ఇదేంట్రా?" అంటే, "మెట్ల మీద పడింది అన్నా, చిన్న సొట్టేలే" అన్నాడు. బ్యాటరీ కెమెరా దగ్గర పెట్టమన్నా. సొట్ట ఆనే చోట సరిగ్గా బ్యాటరీ చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు చిరిగి ఉంది. గోరంత. లోపల మెటల్ కనపడుతోంది.

ఇది అర్థం కావాలంటే ఆ బ్యాటరీ గురించి కొంచెం తెలియాలి. 18650 అంటారు. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు, అందుకే ఆ పేరు. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీల్లో, చాలా పవర్ బ్యాంకుల్లో కూడా ఇవే ఉంటాయి. దీని ఒళ్ళంతా మైనస్. పైన బొడిపె ఒక్కటే ప్లస్. ఆ ఒంటికి ఉన్న రక్షణంతా ఆ పల్చటి ప్లాస్టిక్ తొడుగే. వాడి దాంట్లో రెండు బ్యాటరీలు టార్చిలైటులో లాగా ఒకదాని ప్లస్ ఇంకోదాని మైనస్‌కి కలిసి ఉన్నాయి. అంటే రెండో బ్యాటరీ ఒళ్ళు మొదటి బ్యాటరీ ప్లస్‌తో సమానం. చాలా వేప్‌లలో బయటి బాడీ మైనస్‌కి కలిసి ఉంటుంది. చిరిగింది ఆ రెండో బ్యాటరీదే. చిరిగిన చోట ఆ ఒళ్ళు బాడీకి నేరుగా తగిలితే మొదటి బ్యాటరీ షార్ట్. క్షణాల్లో కాలిపోయేంత వేడెక్కుతుంది. మరి ఇన్నాళ్ళూ ఎందుకు తగల్లేదు? మూత లోపలి వైపు కూడా అదే నల్లటి ఆనోడైజింగ్ పొర ఉంది. వెంట్రుకలో సగం కూడా లేని ఆ పొరే అడ్డం నిలబడింది.

అప్పుడడిగా, "నువ్వు ఎమిరీ పేపర్ ఎక్కడెక్కడ పట్టాలనుకున్నావ్?"

"మొత్తం అన్నా. లోపలా బయటా. కలర్ అంతా ఒకేలా రావాలని."

కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.

ఆ రాత్రి ఇంక పాలిష్ మాటే ఎత్తలేదు. బ్యాటరీ తొడుగు ఒక్కటే చిరిగి ఉంటే కొత్త తొడుగు వేసుకోవచ్చు, వేడి గాలికి ముడుచుకుని అతుక్కునేవి దొరుకుతాయి. కానీ బ్యాటరీ డబ్బా కూడా కొంచెం నొక్కుకుపోయింది, అలాంటిది మళ్ళీ వాడకూడదు. చిరిగిన చోట టేపు వేసి, బ్యాటరీలు తీసుకునే రీసైక్లింగ్ డబ్బాలో వేసి రమ్మన్నా. చెత్తబుట్టలో కాదు. రెండూ జత కాబట్టి రెండూ మార్చాడు. సొట్ట మూత కొట్టి సరిచేయొచ్చు కానీ అప్పుడు లోపలి పొర పగులుతుంది, కాబట్టి అదీ వద్దన్నా. వారం వెతికితే సెకండ్‌హ్యాండ్ మూత ఒకటి దొరికింది. వెండి రంగుది.

ఇప్పుడు నల్ల బాడీ, వెండి మూత. చూడ్డానికి ఒక చెప్పు నాన్నది, ఒక చెప్పు అన్నయ్యది వేసుకున్నట్టుంది. అందుకే బాడీ బయటి వైపు నలుపు తీసేసి, మూతకి మ్యాచ్ అయ్యేలా ఉత్త మెటల్ చేద్దామన్నాడు. దానికి నేను ఒప్పుకున్నా.

కాస్టిక్ సోడాలో ముంచితే ఆనోడైజింగ్ నిమిషాల్లో పోతుంది, అది నిజమే. కానీ అది పొర దగ్గర ఆగదు, అల్యూమినియాన్ని కూడా తింటుంది. హైడ్రోజన్ వస్తుంది, కంట్లో పడితే చూపు పోతుంది. పైగా లోపలి పొర కూడా పోతుంది, మనకి కావాల్సిందే అది. కాబట్టి చేత్తోనే. నాలుగు స్క్రూలు తీసి, సర్క్యూట్ బోర్డు మొత్తం బయటికి తీయించా. అల్యూమినియం పొడి కరెంట్‌ని పోనిస్తుంది, బోర్డు మీద పడితే అంతే సంగతులు. లోపలి గోడలకి, పైన ట్యాంకు తిరిగే మరలకి, కింద ఉన్న చిన్న చిన్న బెజ్జాలకి టేపు. ఆ బెజ్జాలు డిజైన్ కాదు, బ్యాటరీకి ఏదైనా అయితే గ్యాస్ బయటికి పోయే దారి. చాలామంది స్ప్రే పెయింట్ కొట్టేటప్పుడు వాటిని మూసేస్తారు. మరల మీద పెయింట్ పడితే కరెంట్ సరిగ్గా పోక అక్కడ వేడి పుడుతుంది.

తర్వాత వాటర్ పేపర్, నీళ్ళల్లో తడిపి, 400 నంబర్‌తో మొదలు. వాడు ఒక సాయంత్రంలో అయిపోతుందనుకున్నాడు. మూడు సాయంత్రాలు పట్టింది. చెప్పా కదా, ఆ పొరా ఎమిరీ పొడీ ఒకే జాతి, అంత తేలిగ్గా తెగదు. అంచుల దగ్గర ముందు పోతుంది, మధ్యలో మొండికేస్తుంది. అంచులు తెల్లబడగానే వాటికి టేపు వేసేసి మధ్యలోనే రుద్దాలి, లేకపోతే అంచులు అరిగి సబ్బు బిళ్ళలా తయారవుతుంది. పేపర్ చుట్టడానికి చెక్క ముక్క వాడాలి, వేలితో రుద్దితే గుంటలు పడతాయి. ఆ తర్వాత 600, 800. అద్దంలా చేద్దామా అన్నాడు, వద్దన్నా. అద్దం మెరుపు మీద మొదటి రోజే గీత కనపడుతుంది. గిన్నెలు తోమే ఆకుపచ్చ స్క్రబ్బర్ కొత్తది తీసుకుని నిలువుగా, ఒకటే దిక్కుగా, పై నుంచి కిందికి పదే పదే లాగించా. అటూ ఇటూ తిప్పకూడదు. సన్నటి నిలువు గీతల ఫినిష్ వస్తుంది, రేపు కొత్త గీత పడినా అందులో కలిసిపోతుంది, మళ్ళీ అదే స్క్రబ్బర్‌తో రెండు నిమిషాల్లో సరిచేసుకోవచ్చు.

ఉత్త అల్యూమినియం ఇనుములా తుప్పు పట్టదు కానీ చెమటకి మసకబారుతుంది, చేతికి కొంచెం నలుపు అంటుతుంది. కారుకి రాసే మైనం పల్చగా రాసుకోమన్నా. బోర్డు బిగించే ముందు సబ్బు నీళ్ళతో కడిగి, ఒక రోజంతా ఆరబెట్టి, టేపులు తీసి, మల్టీమీటర్‌తో లోపలి గోడ ఇంకోసారి చూశాడు. బీప్ లేదు. ఇంకో మాట, స్పేర్ బ్యాటరీ జేబులో తాళంచెవులతో కలిపి వేసుకునేవాడట ఇన్నాళ్ళూ. దానికి ప్లాస్టిక్ డబ్బా కొనిపించా. ఈ సలహా మాత్రం టార్చ్ కోసం 18650 కొనుక్కునే మీ అందరికీ కూడా.

ఫైనల్ ఫోటో స్క్రీన్ మీద చూస్తున్నారు. మూతకీ బాడీకీ వెండి రంగులో కొంచెం తేడా ఉంది, దగ్గరగా చూస్తే తెలుస్తుంది. కింది మూల ఒక లోతైన గీత వదిలేశాం, అది తీయాలంటే ఆ వైపంతా అరగదీయాలి. వాడికి నచ్చింది. పిన్నికి ఇంకా తెలియదు, ఈ వీడియో ఆవిడ చూడదనే ధైర్యం.

వచ్చే ఎపిసోడ్‌లో వాచ్ అద్దం మీద గీతలు తీయడం చూపిస్తా. నాన్న హెచ్‌ఎంటీకి ఉన్నది గాజు కాదు, యాక్రిలిక్. దాని మీద పూత లేదు, టూత్‌పేస్ట్‌తో కూడా నున్నగా అవుతుంది. పాత వాచీ అద్దం ఒకటి తెచ్చి దాని మీద ముందే చేసి చూశా. నాన్నని వాచ్ అడిగితే, "ఆ పాత అద్దం మీదే చూపించు" అన్నారు. ఇంకా ఇవ్వలేదు. ఆదివారం మళ్ళీ అడుగుతా. అప్పటిదాకా ఉంటా ఫ్రెండ్స్, బై.